భాషయందు గణితము, మెదడునందు భాష



భాషయొక్క కట్టడిని గణితముచే కొలుచుట, ఆ భాషను పట్టి నిలుపు మెదడుయొక్క నడకను గణితముచేతనే తెలిసికొనుట, ఈ రెండును నేటి విద్వాంసులు మిక్కిలి శ్రద్ధతో చేయుచున్న పనులు. వినగానే ఇది మనకందని సంగతివలె తోచును. జగిత్యాల బజారులోనో, కోరుట్ల రచ్చకట్టమీదనో, సిరిసిల్ల మగ్గముల సందడిలోనో కాలము గడుపు మనకు దీనితో నేమి పనియని మీరడుగవచ్చును. పని యున్నది. దీని మొదలు మన ప్రాంతపు బండమీదనే చెక్కబడియున్నది. దీని తుద మన యిండ్లలోని వృద్ధుల మతిమరపు వరకు వచ్చినది.

జగిత్యాలకును కరీంనగరమునకును నడుమ గంగాధర మండలములో కురిక్యాల యను గ్రామము కలదు. అచటి బొమ్మలగుట్టమీద పదవ శతాబ్దమునందు జినవల్లభుడు చెక్కించిన శాసన మున్నది. వేములవాడ చాళుక్యుల కొలువులో కన్నడ కావ్యములు రచించిన పంపకవికి ఈ జినవల్లభుడు తమ్ముడు. ఆ శాసనము సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలలో నున్నది. తెలుగు పాలికి వచ్చినవి మూడు కందపద్యములు. ఒకే బండమీద మూడు భాషలు వ్రాయించినవాడు, ఆ మూడును చదువగలవారు ఈ ప్రాంతమున నుందురని యెరిగియే వ్రాయించియుండును గదా. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనితో పని పడును.

ఇక ఆ కందమును చూతము. కందమునకు నాలుగు మాత్రల గణములు కావలెను. లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలు. నాలుగు మాత్రలు నిండునట్లు లఘుగురువులను ఎన్ని విధములుగా పేర్చవచ్చును? రెండు గురువులు ఒకటి, ఇది గగము. గురువు, రెండు లఘువులు ఒకటి, ఇది భగణము. లఘువు, గురువు, లఘువు ఒకటి, ఇది జగణము. రెండు లఘువులు, గురువు ఒకటి, ఇది సగణము. నాలుగు లఘువులు ఒకటి; ఇది నలము. అంతే. అయిదింటికి మించి ఆరవది లేదు. కందమునకు గగ, భ, జ, స, నల అను అయిదు గణములే యేల కలవనిన, ఎవరో పెద్దలు ఏర్పరచిరని మనము చెప్పుకొందుము. పెద్దలు ఏర్పరచినది నాలుగు మాత్రలు కావలెనను నియమమును మాత్రమే. అయిదు అను సంఖ్యను గణితము ఏర్పరచినది.

ఆ సంఖ్య ఎట్లు వచ్చెనో చూచిన మఱి యొక వింత కనబడును. నాలుగు మాత్రల గణము లఘువుతో ముగియవలెను, లేదా గురువుతో ముగియవలెను. లఘువుతో ముగిసిన, ముందు మిగిలినవి మూడు మాత్రలు. గురువుతో ముగిసిన, ముందు మిగిలినవి రెండు మాత్రలు. కావున నాలుగు మాత్రల రూపములెన్నియనగా, మూడు మాత్రల రూపములును రెండు మాత్రల రూపములును కలిపినన్ని. ఒక మాత్రకు ఒకటి, రెంటికి రెండు, మూటికి మూడు, నాలుగింటికి అయిదు, అయిదింటికి ఎనిమిది, ఆరింటికి పదమూడు. ప్రతి సంఖ్యయు తన ముందున్న రెంటి మొత్తము. ఈ వరుసను మన దేశమున విరహాంకుడు ఛందశ్శాస్త్రమునందు చెప్పెను. పండ్రెండవ శతాబ్దమున హేమచంద్రాచార్యుడును చెప్పెను. ఇటలీ దేశస్థుడైన ఫిబొనాచి 1202లో కుందేళ్ల సంతతిని లెక్కించుచు ఈ వరుసనే వ్రాసెను. నేటి పాఠ్యపుస్తకములలో ఆతని పేరే నిలిచినది. పద్యపు నడకను లెక్కించినవారి పేరు వెనుకబడి కుందేళ్లను లెక్కించినవాని పేరు ముందునకు వచ్చుట నాకు కొంచెము కష్టముగనే యుండును. అది వేరు మాట.

దేశి ఛందస్సునకు వచ్చిన, ద్విపదకును ఆటవెలదికిని తేటగీతికిని సూర్యగణములు రెండు, ఇంద్రగణములు ఆరు. సీసమునందు ఇంద్రసూర్యులు రెండును కలియుదురు. చంద్రగణములు పదునాలుగు. బడిలో ఈ సంఖ్యలను మేము కంఠస్థము చేసితిమి, మా శిష్యులచేతను చేయించితిమి. ఆరే యేల, పదునాలుగే యేల యని అడిగిన బాలుడు నూటికొకడు. వానికి చెప్పవలసిన సమాధానమిది. మూడక్షరములకు ప్రస్తారము వేసిన ఎనిమిది రూపములు వచ్చును. వానిలో లఘువుతో మొదలగు ప్రతి రూపమునందును ఆ మొదటి లఘువును రెండు లఘువులుగా చేయవలెను. పిమ్మట మొదటి రెండు రూపములను విడిచివేయవలెను. మిగిలిన ఆరును నగ, సల, నల, భ, ర, త అను ఇంద్రగణములే. రెండక్షరములకు ఇట్లే చేసిన నాలుగింటిలో రెండు మిగులును. అవి నగణము, హగణము అను సూర్యులు. నాలుగక్షరములకు చేసిన పదునారింటిలో పదునాలుగు మిగులును, అవి చంద్రులు. కాగితము తీసికొని మీరే వేసి చూడుడు, ఒక్కటియు తప్పదు.

దీనినిబట్టి ఒక ద్విపద పాదమును గణముల మేరకు ఎన్ని నడకలలో కూర్చవచ్చునో తెలియును. ఇంద్రగణములు మూడు, సూర్యగణ మొకటి. ఆరును ఆరుచే, మరల ఆరుచే, పిదప రెంటిచే హెచ్చింపగా 432. ఆటవెలది బేసి పాదమునకు 288, సరి పాదమునకు 32. నాలుగు పాదములకు కలిపి హెచ్చించిన 8 కోట్ల 49 లక్షల 34 వేల 656 నడకలు. యతుల మాట ఇందు చేరలేదు. ఇన్ని నడకలున్నను, పల్లెలో అక్షరము రాని పెద్దమ్మ సయితము ఆటవెలది వినుచుండగా ఎచటనైన ఒక మాత్ర తప్పిన, చెవికి అడ్డుపడినదని వెంటనే చెప్పును. ఎనిమిది కోట్ల నడకలను ఆమె వల్లించియుండలేదు. ఆమె మెదడు పట్టినది నియమమును. భాషాశాస్త్రజ్ఞులను నేటికిని వెరగుపరచు సంగతి ఇదియే: కొలదిపాటి నియమములు, వానినుండి లెక్కకు మిక్కిలియైన వాక్యములు; ఆ నియమములను ఎవరును చెప్పకయే పట్టుకొను మెదడు.

మెదడు ఎట్లు పట్టుకొనునో తెలిసికొనుటకు మఱి యొక గణితము కావలసివచ్చెను. అది సంభావ్యతా గణితము, అనగా ఏది ఎన్నింట ఎన్నిమార్లు రాగలదో చెప్పు లెక్క. 1913లో రష్యా దేశపు గణితజ్ఞుడైన మార్కోవు, పుష్కిను కవియొక్క కావ్యమునుండి 20,000 అక్షరములను వరుసగా తీసికొని, అచ్చులెన్ని హల్లులెన్నియని చేతితో లెక్కించెను. మొత్తముమీద నూటికి 43 అచ్చులుండెను. కాని అచ్చు వెనువెంట మరల అచ్చు వచ్చుట నూటికి 13 మార్లు మాత్రమే. హల్లు వెంట అచ్చు వచ్చుట నూటికి 66 మార్లు. ఏ అక్షరమునకు ఆ యక్షరము విడిగా లేదనియు, ముందటిది వెనుకటిదానిని లాగుకొనివచ్చుననియు దీనివలన తేలినది. మన వ్యాకరణమెరిగినవారికి ఇది ఆశ్చర్యము కాదు. తెలుగున రెండచ్చులు ప్రక్కప్రక్కన నిలువనేరవు; సంధియైన కావలెను, నడుమ యకారమైన రావలెను. మార్కోవు మన గ్రాంథిక కావ్యమును లెక్కించియుండిన, ఆ 13 సున్నకు దాపుగా వచ్చియుండును. 1948లో అమెరికాయందు షానను అను నాతడు ఈ దారినే నడచి, ఒక వార్తలో తెలియని భాగమెంతయో కొలుచు సూత్రమును కట్టెను. నేటి దూరవాణి, గణనయంత్రములన్నిటికిని ఆ సూత్రము ఆధారము.

ఇప్పుడు ఉయ్యాలలోని శిశువును తలచుకొనుడు. మనము మాటలాడునపుడు మాటకును మాటకును నడుమ ఆగము. వ్రాతలో నుండు ఎడము పలుకులో లేదు. మరి శిశువునకు ఏది యొక మాటయో ఎట్లు తెలియును? మన మూడు ఊళ్ల పేర్లనే తీసికొందము. ఇంట పదిమార్లు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల యను పేర్లు వినబడుచుండును. ‘జగి’ వినబడిన పిదప ‘త్యా’ వచ్చుట ఇంచుమించు నిశ్చయము. ‘త్యా’ పిదప ‘ల’ వచ్చుటయు అట్టిదే. కాని ఆ ‘ల’ పిదప ఏమి వచ్చునో ఎవరికెరుక? పోయినాడు రావచ్చును, బస్సు రావచ్చును, అంగడి రావచ్చును. నిశ్చయము ఎచట సడలునో అచట మాట ముగిసినదన్నమాట. 1996లో అమెరికాయందు శాఫ్రాను, ఆస్లిను, న్యూపోర్టు అను ముగ్గురు పరిశోధకులు ఎనిమిది నెలల శిశువులకు అర్థము లేని మూడేసి అక్షరముల పదములను ఎడము లేక రెండు నిమిషములు వినిపించిరి. ఆ కొద్దిసేపటికే శిశువులు, కలిసివచ్చు అక్షరములను, తటాలున చేరిన అక్షరములనుండి వేరుచేసి గుర్తించిరి. మార్కోవు నోటుపుస్తకముతో చేసిన లెక్కను పాలుత్రాగు బిడ్డ నోటుపుస్తకము లేక చేయుచున్నది.

మెదడులోపల ఈ పని ఎచట జరుగునను విచారము 1861నుండి గట్టిపడినది. ఆ యేట ఫ్రాన్సు దేశపు వైద్యుడు బ్రోకా, మాట పడిపోయి ఒక్క పలుకు మాత్రమే పలుకగలిగిన రోగి మరణించిన పిమ్మట మెదడును చూడగా, ఎడమవైపు ముందుభాగము చెడియుండెను. మెదడునందు సుమారు 8,600 కోట్ల నాడీకణములు గలవు. వాని కలయికవలన పుట్టు విద్యుత్తరంగములను జర్మనీ వైద్యుడు బెర్గరు 1924లో మొదటిసారి నెత్తిమీదనుండి గ్రహించెను. ఆ తరంగము చూచుటకు చిక్కుపడిన నూలువలె నుండును. దానిని విడదీయు గణితమును అంతకు నూరేండ్ల ముందే, 1822లో, ఫ్రాన్సు గణితజ్ఞుడు ఫూరియే ప్రకటించియుండెను. సిరిసిల్ల సాంచెల షెడ్డులో నిలుచున్న క్రొత్తవానికి అంతయు ఒకే హోరు. ముప్పదియేండ్లు పనిచేసిన ఆసామి ఆ హోరులోనే మూడవ సాంచె నడక తప్పినదని చెప్పును. ఫూరియే గణితము చేయునది ఆ ఆసామి పనియే: కలిసిన హోరును వేర్వేరు లయలుగా విడదీయును. అట్లు విడదీసి చూడగా, మనము మాట వినుచుండునపుడు మెదడులోని కొన్ని నెమ్మది తరంగములు ఆ పలుకులోని అక్షరముల నడకతో అడుగు కలుపుచున్నట్లు తెలిసినది. ఛందస్సును చెవి వినుననుకొంటిమి. తాళము మెదడు వేయుచున్నది.

ఇంతవరకు చెప్పినది ముందుమాటయే. మనకు ముఖ్యమైన సంగతి హైదరాబాదులో జరిగినది. అచటి నిజాం వైద్యవిజ్ఞాన సంస్థకు మతిమరపు వ్యాధితో వచ్చిన వృద్ధులను డాక్టరు సువర్ణ అల్లాడియు ఆమె సహచరులును ఏండ్లతరబడి పరిశీలించి, ఆ ఫలితమును 2013లో ప్రకటించిరి. నేను చెప్పు మతిమరపు, కండ్లజోడు ఎచట పెట్టితినో మరచుట కాదు. కన్నబిడ్డ పేరు, ఇంటి దారి, తిన్నామో లేదో కూడ మరపించు వ్యాధి. డిమెన్షియా యని వైద్యులందురు. రోగులు 648 మంది. వారిలో 391 మంది రెండు గాని అంతకు మించి గాని భాషలు మాటలాడువారు. తక్కినవారు ఒక్క భాషవారు. వ్యాధి మొదట కనబడిన వయస్సు ఒక్క భాషవారికి సగటున 61 ఏండ్లు దాటగానే. రెండు భాషలవారికి 65న్నర యేండ్లు. నడుమ భేదము నాలుగున్నర సంవత్సరములు.

ఇచటనే గణితమునకు అసలు పరీక్ష. రెండు భాషలు వచ్చినవారు చదువుకొన్నవారై యుండవచ్చును, పట్టణవాసులై యుండవచ్చును, మంచి యుద్యోగములు చేసినవారై యుండవచ్చును. మేలు చేసినది భాషయో చదువో ఎట్లు చెప్పుట? సాలెవారికి ఈ చిక్కు తెలిసినదే. ఒక సాంచెమీద దినమునకు ఎక్కువ గజములు దిగినవి, మరియొక దానిమీద తక్కువ దిగినవి. అంతమాత్రముచే మొదటి సాంచె మేలైనదని ఏ ఆసామియు అనడు. నూలు నంబరు ఒకటేనా, కరెంటు ఒకేసేపు ఉండెనా, నడిపినవాని చేయి తిరిగినదేనా యని అడుగును. ఆ మూడును సమానమైనవానిని ఏరి పోల్చినపుడే సాంచె గుణము తేలును. వైద్యులు చేసినదియు ఇట్టిదే. చదువు, వృత్తి, పల్లెయా పట్టణమా, స్త్రీయా పురుషుడా యను వాని ప్రభావమును ఒక్కొక్కటిగా లెక్కగట్టి తీసివేసి, మిగిలినదేమో చూచిరి. భాషల మేలు తరుగక నిలిచినది. అంతకంటె బలమైన సాక్ష్యము నిరక్షరులయందు దొరికినది. బడి ముఖము చూడనివారిలోను ఒక్క భాషవారికంటె రెండు భాషలవారికి వ్యాధి సుమారు ఆరేండ్లు ఆలస్యముగా వచ్చెను. వారికి చదువులేదు గావున, ఆ మేలు చదువువలన వచ్చినదనుటకు వీలులేదు.

ఇట్టి పరిశోధన 2007లో కెనడా దేశపు టొరాంటోలో జరిగి, భేదము నాలుగేండ్లని చెప్పెను. కాని అచట రెండు భాషలవారిలో పెక్కురు పరదేశములనుండి వలసవచ్చినవారు. వలసపోగల ధైర్యారోగ్యములే వారిని కాపాడెనేమోయను సందేహము తీరలేదు. హైదరాబాదులో ఆ సందేహమునకు తావు తక్కువ. ఇచట ఇంట తెలుగు, వీధిలో దక్కనీ ఉర్దూ మాటలాడువాడు ఎచటినుండియు వచ్చినవాడు కాడు. తరతరములుగా ఇచటివాడే.

ఆ లెక్కలోని మనుష్యులు మనవంటివారు. 1948 వరకు సర్కారు కాగితము ఉర్దూలో నుండుటచే మా తండ్రుల తరమువారు తెలుగుతోపాటు ఉర్దూ నేర్చిరి. సిరిసిల్లనుండి భివండికిని షోలాపురమునకును పోయిన నేతగాండ్రు మరాఠీ నేర్చిరి. కోరుట్ల, జగిత్యాల పల్లెలనుండి గల్ఫునకు పోయినవారు హిందీతో పని నడుపుకొని, అరబ్బీ మాటలు మూటగట్టుకొని వచ్చిరి. వీరిలో ఎవరును తాము విద్వాంసులమని అనుకొనలేదు. పొట్టకూటికి నేర్చిన భాషయని చిన్నచూపు చూచుకొనిరి. జినవల్లభుని శాసనమునందు మూడు భాషలు చూచి గౌరవింతుము; మన యింటి అరుగుమీది మూడు భాషలను గుర్తింపము.

కొలతకు మించి చెప్పుట తగదు గాన కొన్ని మాటలు చేర్చవలెను. నాలుగున్నర యేండ్లనునది సగటు. ఫలానివానికి ఫలాని యేట వచ్చునని జాతకము కాదు. రెండు భాషలు వ్యాధిని రాకుండ ఆపునని ఎవరును అనలేదు, ఆలస్యమగుననియే అనిరి. రెంటికంటె మూడవ భాష వచ్చిన అదనపు మేలు ఆ లెక్కలో కనబడలేదు. ఆరోగ్యవంతులను ఏండ్లకొలది వెంబడించి చూచిన ఇతర దేశముల పరిశోధనలు కొన్ని ఈ మేలును కనుగొనలేదు. విద్వాంసులలో వాదము నడచుచునే యున్నది. నిజాం వైద్యసంస్థవారే 608 మంది పక్షవాత రోగులను చూచి ప్రకటించిన మరియొక లెక్కలో, వ్యాధి పిమ్మట బుద్ధి చెడక నిలిచినవారు రెండు భాషలవారిలో నూటికి 40 మంది, ఒక్క భాషవారిలో నూటికి 20 మంది. కాని మాట పడిపోవుట మాత్రము ఇరువురిలోను ఇంచుమించు సమానమే. భాషలు మాటను కాపాడలేదు, తక్కిన బుద్ధిని కాపాడినవి. నా మట్టుకు, ఈ తలక్రిందులైన ఫలితమే ఆ లెక్క నిజాయితీకి గుర్తు. కోరినట్లు వ్రాసికొన్నవారెవరును ఇట్లు వ్రాసికొనరు.

ఇటీవల మన ఊళ్లలో మరియొక మాట వినవచ్చుచున్నది. పిల్లవాడు ఇంగ్లీషు బడిలో చేరినాడు గాన తాతయు నాయనమ్మయు ఇంట తెలుగు మాటలాడరాదట. రెండు భాషలు వినిన బుద్ధి తికమకపడునట. ఒక బడి పెద్ద ఈ ఉపదేశము చేయగా నేనే వింటిని. 1988లో ఫ్రాన్సునందు, పుట్టి నాలుగు దినములైన శిశువులే ఫ్రెంచి పలుకును రష్యను పలుకునుండి వేరుగా గుర్తించిరని పరిశోధకులు చూపిరి. మాటలు తెలియవు, అర్థము తెలియదు, నడక తెలిసినది. నాలుగు దినముల పసివానికి లేని తికమక బడికి పోవు బాలునికి ఏల వచ్చును?

ఇక ఒక్క పనికివచ్చు మాట. మీ యింటి వృద్ధుని మతిమరపునకై వైద్యునికడకు తీసికొనిపోవునపుడు, ఆ మరపు మొదట ఏ యేట, ఏ సందర్భమున కనబడెనో ముందుగా ఇంటివారందరిని అడిగి వ్రాసికొని పొండు. పై లెక్కలన్నియు అట్టి జవాబులమీదనే నిలిచినవి. ఆయన ఏయే భాషలు మాటలాడెడివాడో, బడి చదువు ఎంతయో అదియు చెప్పుడు. జ్ఞాపకశక్తి పరీక్షను నిజాం వైద్యసంస్థవారు తెలుగువారికి అనువుగా తీర్చియున్నారు. చదువురాని ముసలమ్మను ఇంగ్లీషు ప్రశ్నలతో పరీక్షించి, ఆమెకు మతి తప్పినదని ఎవరైన తేల్చినచో, తెలుగులో మరల అడుగుడని నిర్భయముగా కోరవచ్చును.